చలికి చిక్కిన గెల

(గుంటూరులో అరటి రైతులు, మిద్దెతోటల వాళ్ళు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో, కొల్లిపర వైపు నుంచి వచ్చిన ఒక మహిళా రైతు మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు అందరూ ఈ బల్ల వైపు ఒకసారి చూడండి. రెండు అరటి బోదెలు పెట్టాను. తెల్లవారుజామున మా తోటలో మోకాలెత్తున కోసి, గోనెసంచిలో చుట్టి ఆటోలో వేసుకొచ్చాను. రెండూ కర్పూర చక్కెరకేళే. రెండూ ఇంచుమించు ఒకే లావు. పైనుంచి చూస్తే తేడా ఏమైనా కనిపిస్తోందా? లేదు కదా. ఇప్పుడు కోసిన వైపు మీకేసి తిప్పుతున్నాను. ముందు వరసలో అమ్మా, మీరు చెప్పండి, ఏం కనిపిస్తోంది?

ఆఁ, అదీ. ఈ ఎడమ వైపు దాంట్లో ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు పొరలు, పొరలు, నట్టనడుమ దాకా పొరలే. నడుమ చుట్టచుట్టుకుని ఉన్నది మొవ్వు, ఇంకా విచ్చుకోని లేతాకు. ఈ కుడి వైపు దాంట్లో? పొరలన్నీ అయ్యాక నడుమ తెల్లగా, గుండ్రంగా, ముంజేతి మందాన ఒక గట్టి కడ్డీ. అది దూట. మనం పెసరపప్పేసి కూర వండుకునే దూట. వేలితో నొక్కి చూడండి, ఎంత గట్టిగా ఉందో.

ఎడమది ఇంకా గెల వేయని చెట్టు. కుడిది గెల వేసిన చెట్టు, మొన్న గాలికి నడుము విరిగింది. పాపం, డిసెంబరు మొదట్లో గెల వేసింది. ఆలస్యంగా వేసింది. దాన్ని చూస్తే మనసుకి కష్టంగానే ఉంది, కానీ మీకు చూపించడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు.

ఎందుకు చూపిస్తున్నాను? గెల వేయని చెట్టుకి ప్రాణం ఎక్కడుంటుంది? నేలలో, దుంప నెత్తిన. పైన మనకి కనపడే బోదె అంతా ఆకుల పట్టలే, ఒకదాని మీద ఒకటి చుట్టుకున్నాయి. అందుకే గాలికి విరిగినా, గేదె తిన్నా, చలికి మాడినా, మోడు దగ్గర నరికేస్తే మళ్ళీ నడుమ నుంచి మొవ్వు పొడుచుకొస్తుంది. ఈ ఎడమ వైపు చెట్టు మోడు మా తోటలో ఉంది కదా, సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి దాని నడుమ లేతాకు వేలెడు పైకి వచ్చి ఉంటుంది. మీరందరూ చూసే ఉంటారు.

గెల పుట్టిన చెట్టు అలా కాదు. గెల పుట్టేది బయట కాదండీ, దుంప నెత్తినే, బోదె లోపల. మనకి కనపడకముందు రెండు మూడు నెలలు అది లోపలే ఉంటుంది. దూట దాన్ని భుజాన మోసుకుంటూ బోదె నడుమ నుంచి పైకి పోతుంది. అంటే దుంప నెత్తిన ఉన్న ప్రాణమే దూటతో పాటు పైకి లేచిపోయింది. ఇక కింద కొత్త ఆకు పుట్టదు. గెల బయటపడిన రోజు చెట్టు మీద ఎన్ని ఆకులున్నాయో, అంతే. పన్నెండు ఉంటే పన్నెండు. ఎనిమిది ఉంటే ఎనిమిది. పదమూడోది రాదు, తొమ్మిదోది రాదు. బోదె నడుము విరిగితే ఆ గెల పోయినట్టే, పిలక కోసం చూసుకోవడమే.

అందుకని నేను ఇవాళ చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఆలస్యంగా గెల వేసిన చెట్టుకి చలికాలంలో మనం చేయగలిగిన సాయం ఏమిటంటే, ఉన్న ఆకుల్ని, ఆ బోదెని గెల నిండేదాకా నిలబెట్టడం. గెలకి తిండి వండేది ఆ ఆకులే. వాటిని పోగొట్టుకుని ఎన్ని మందులు పోసినా కాయ నిండదు.

ఇప్పుడు చలి సంగతి. మనలో చాలామంది చలి, మంచు రెండూ ఒకటే అనుకుంటాం. ఒకటి కాదు. గుంటూరులో, విజయవాడలో నీళ్ళు గడ్డకట్టే చలి రాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మామూలుగా 17, 18 డిగ్రీలు ఉంటుంది, బాగా చలేసిన రోజుల్లో 15 దగ్గరికి దిగుతుంది. మనకి కంబళి చాలు. మరి అరటికో? అది వేడిదేశపు చెట్టు. 16 డిగ్రీలకి కిందికి పోతే దానికి పని మందగిస్తుంది. 14 దగ్గర ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. 13 కి దిగితే కాయకే దెబ్బ తగులుతుంది.

13 డిగ్రీలకి కాయకి ఏమవుతుందో మీరు ఇంట్లో చూసే ఉంటారు. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుంది? తొక్క నల్లబడుతుంది. లోపల పండు బాగానే ఉంటుంది, తొక్క మాత్రం నల్లగా, మట్టిరంగుగా అయిపోతుంది. తోటలో చలికి దెబ్బతిన్న కాయకి వచ్చే జబ్బూ అదే. పచ్చికాయ తొక్కని గోరుతో పలచగా గీరి చూడండి. ఆకుపచ్చ పొర కింద సన్నటి గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. కాయలో పాలు పారే నాళాలు దెబ్బతిన్నాయన్నమాట. అలాంటి కాయని మాగేస్తే నిగనిగలాడే పసుపు రాదు, బూడిద కలిసిన పసుపు వస్తుంది. తినడానికి పనికొస్తుంది, కానీ బజారులో ఎవరూ చెయ్యి వేయరు.

అసలు గడ్డకట్టే మంచు చూడాలంటే మన రాష్ట్రంలో లంబసింగి వైపు వెళ్ళాలి. నేను ఒక జనవరిలో వెళ్ళాను, చింతపల్లి దగ్గర మాకు తెలిసిన వాళ్ళింటికి. అక్కడ లంబసింగిని కొర్రబయలు అంటారు. బయట నిలబడితే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. ఆ ఇంటాయన పెరట్లో మూడు అరటి చెట్లున్నాయి, ఇంటికి దిగువన పల్లంలో, వాగు పక్కన ఇంకో పది. పొద్దున్నే ఆరుగంటలకి పల్లంలోకి దిగాం. ఆకుల మీద ఉప్పు చల్లినట్టుంది. వేలితో తీస్తే ఇసకలా గరగరలాడింది, వేలి మీదే కరిగిపోయింది. ఆకు అప్పటికి పచ్చగానే ఉంది. నాకేమీ కాలేదనిపించింది. ఎండెక్కాక మళ్ళీ వెళ్ళాం. అదే ఆకు వేడినీళ్ళలో ముంచిన తోటకూరలా వాలిపోయి, మధ్యాహ్నానికి గోధుమరంగుకి తిరిగింది. ఆకు లోపలి నీరు గడ్డకట్టి, ఆ గడ్డలు కణాలను చీల్చేస్తాయి. ఎండ రాగానే ఆ చీలిన కణాల నుంచి నీరంతా కారిపోతుంది.

మరి పెరట్లో మూడు చెట్లు? వాటికేమీ కాలేదు. యాభై అడుగుల దూరం కూడా లేదండీ. ఎందుకని? ఒకటి, చల్లగాలి బరువు. నీళ్ళు ఎలా పల్లానికి పారతాయో చల్లగాలీ అలాగే పారుతుంది. రాత్రంతా కొండవాలు నుంచి దిగి వాగు దగ్గర నిలబడిపోయింది. రెండోది, ఆ మూడు చెట్లూ ఇంటి పడమటి గోడకి ఆనుకుని, చూరు కింద ఉన్నాయి. మట్టిగోడ. సాయంత్రం దాకా ఎండకి కాగింది, రాత్రంతా ఆ వేడిని కొంచెం కొంచెం వదిలింది. పైన చూరు ఆకాశాన్ని కనపడకుండా అడ్డం పడింది.

ఆకాశం కనపడకపోవడం ఏమిటని అడగొచ్చు మీరు. ఇది కొంచెం నిదానంగా వినండి. రాత్రి చలి ఎక్కడి నుంచి వస్తుంది? బయటి నుంచి చలి వచ్చి చెట్టు మీద పడుతుందని మనం అనుకుంటాం. చాలా రాత్రులు జరిగేది వేరు. చెట్టులో, నేలలో ఉన్న వేడి ఆకాశంలోకి పోతుంది. మబ్బు లేదు, గాలి లేదు, చుక్కలు బాగా మెరుస్తున్నాయి, అలాంటి రాత్రి ఎక్కువ పోతుంది. అరటి ఆకు ఎంత వెడల్పు? ఆకాశానికి ఎదురుగా పరుచుకుని ఉంటుంది. అందుకే చుట్టూ ఉన్న గాలి కంటే ఆకు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. థర్మామీటరు 2 చూపిస్తున్నా ఆకు మీద మంచు పేరుకునేది అందుకే. మబ్బు పట్టిన రాత్రి ఇంత చలి ఉండదు, గమనించారా? మబ్బు దుప్పటిలా పనిచేస్తుంది.

ఇది అర్థమైతే మిగతావన్నీ మనకే తోస్తాయి. పగలు నేలకి, గోడకి, నీటికి అందిన వేడిని రాత్రి చెట్టు దగ్గరే ఉంచుకోవాలి. మన పని అంతే.

మా అమ్మాయి అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటుంది. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి పిల్లలు అక్కడే ఉండి ఉంటారు, అందుకే చెబుతున్నాను. దాని పెరట్లో రెండు అరటి చెట్లు. అక్టోబరు చివర గెల వేసింది ఒకటి. ఫోన్‌లో ఎంత సంబరమో. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. అక్కడ డిసెంబరు, జనవరిలో ఒక్కో రాత్రి సున్నాకి పడిపోతుంది. గెల నిండడానికి ఇంకా నాలుగు నెలలు కావాలి. ఏం చేయాలి?

మేం ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేసింది చెబుతాను. ముందు గెల కింద పువ్వు తుంచేసింది. దానితో పాటు చివరి మూడు అత్తాలు, అంటే గెలలో కాయల వరసలు, కూడా కోసేసింది. అది బాధపడింది, నేనూ బాధపడ్డాను. కానీ ఎనిమిది అత్తాల్ని సగం సగం నింపే బదులు ఐదు అత్తాలు త్వరగా నిండటం మేలు కదా. తర్వాత బోదెకి పాత కంబళ్ళు చుట్టింది. గెల ఊగకుండా కర్రతో ఊతమిచ్చింది. చెట్టు పక్కన 200 లీటర్ల డ్రమ్ములు రెండు నీళ్ళతో నింపి పెట్టింది. ఎందుకంటారా? నీటిలో వేడి బాగా దాగుతుంది. పగలు ఎండకి కాగిన 200 లీటర్ల నీళ్ళు రాత్రికి 10 డిగ్రీలు చల్లబడ్డాయనుకోండి, పన్నెండు గంటల పాటు 200 వాట్ల బల్బు వెలిగించినంత వేడి బయటికి వస్తుంది. కరెంటు ఖర్చు లేదు.

సున్నాకి దిగుతుందని వార్తల్లో చెప్పిన రాత్రుల్లో మాత్రం చెట్టు మొత్తం మీద పెద్ద దుప్పటి కప్పింది, అంచులు నేలదాకా దిగేలా. ఇది ముఖ్యం. గొడుగులా పైన కప్పి కింద వదిలేస్తే నేల నుంచి వచ్చే వేడి పక్కల నుంచి పోతుంది. గుడారంలా నేలకి ఆనాలి, అంచుల మీద రాళ్ళు పెట్టాలి. ప్లాస్టిక్ పట్టా ఆకుకి తగిలేలా కప్పకూడదు. తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది. ముందు గుడ్డ, కావాలంటే దాని పైన ప్లాస్టిక్. లోపల ఒక పాతరకం బల్బు, గాజులో సన్నటి తీగ వెలుగుతుంది చూడండి, అది, గుడ్డకి తగలకుండా వేలాడదీయాలి. ఎల్‌ఈడీ పెడితే లాభం లేదు, దానికి వేడి బాగా తక్కువ. పొద్దున ఎండ రాగానే కప్పినదంతా తీసేయాలి. తీయకపోతే లోపల ఉడుకుతుంది, నేలకి ఎండా తగలదు, మరుసటి రాత్రికి దాచుకోవడానికి వేడే ఉండదు.

ఆ గెల మార్చిలో కోసింది. ఐదు అత్తాలు. ఒక పండు పట్టుకుని ఫోటో పంపింది, ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

అన్నిసార్లూ ఇలా జరగదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ని పట్టుకున్న చలి గుర్తుందా? హ్యూస్టన్‌లో మైనస్ 10 దగ్గరికి దిగింది, కరెంటు కూడా పోయింది. ఆ ఏడు చెట్లన్నీ నేలమట్టం అయ్యాయి. అలాంటి చలికి దుప్పటి చాలదు. కానీ దుంప బతికింది. అమ్మాయి మాడిన ఆకుల్ని వెంటనే కోసేస్తానంది. వద్దన్నాను. మాడినా సరే, ఆ ఆకులే బోదెకి కప్పు. చలి పూర్తిగా పోయాకే కోయమన్నాను. వేసవి మొదట్లో పిలకలు వచ్చాయి.

సరే, మనం మన కృష్ణ ఒడ్డుకి వద్దాం.

మనకి మంచు గడ్డకట్టదు కాబట్టి గుడారాలు, బల్బులు అక్కర్లేదు. యూట్యూబ్‌లో ఉత్తరాది వీడియోలు చూసి తోట గట్ల మీద పొగ వేస్తున్న వాళ్ళని చూశాను. తప్పు పట్టడం లేదు, కానీ పొగ వేడిని ఆపదండీ. మంట వల్ల కాస్త గాలి వేడెక్కుతుంది, అంతే, అదీ చిన్న చిన్న మంటలు చాలాచోట్ల పెడితేనే. ఒకే పెద్ద మంట పెడితే వేడంతా నిటారుగా పైకి పోయి, చుట్టుపక్కల చల్లగాలిని ఇంకా లోపలికి లాక్కొస్తుంది. జల్‌గావ్‌లో, తాపీ నది ఒడ్డున, చలి 10 డిగ్రీల లోపుకి దిగే రాత్రుల్లో రైతులు మంటలు పెడతారు, రాత్రి పూట నీళ్ళు కడతారు. వాళ్ళకి అది అవసరం. మనకి 15, 16 డిగ్రీల దగ్గర ఆ శ్రమ దండగ, పొగ వల్ల ఊళ్ళో పిల్లలకీ ముసలివాళ్ళకీ దగ్గు.

మన ఇబ్బంది వేరు. మన ఇబ్బందులు మూడు, అందులో మొదటిది అన్నిటికంటే పెద్దది. పొగమంచు. ధనుర్మాసంలో లంకల్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెల్లారి ఎనిమిదైనా ఎదుటి గట్టు కనపడదు. పొగమంచు ఉన్న రాత్రి చలి మరీ దిగదు, ఆ విధంగా మంచిదే. కానీ ఆకు మీద నీళ్ళు గంటల తరబడి అలాగే నిలుస్తాయి. నిలిచిన నీళ్ళలో ఏం మొలుస్తుంది? సిగటోక. ఆకుమచ్చ తెగులు. ముందు ఆకు మీద లేతపసుపు చిన్న చిన్న గీతలు, తర్వాత గోధుమరంగు మచ్చలు, మచ్చ నడుమ బూడిదరంగు, చుట్టూ పసుపు అంచు. మచ్చలన్నీ కలిసిపోయి ఆకు ఎండి బోదెకి వేలాడుతుంది. గెల వేయని చెట్టయితే పోయిన ఆకు బదులు ఇంకోటి వస్తుందని ఊరుకోవచ్చు. గెల వేసిన చెట్టుకి? రాదని ఇందాకే చూశాం కదా, ఈ దూట సాక్షి.

గెల వేసేటప్పుడు చెట్టు మీద కనీసం ఎనిమిది మంచి ఆకులుండాలి. నేను నవంబరు నుంచి ప్రతి చెట్టు దగ్గరా ఆకులు లెక్కపెడతాను. మచ్చ పడిన ఆకుని మొదలంటా నరకొద్దు. చాలామంది శుభ్రం పేరుతో నరికేస్తారు, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మచ్చ ఉన్నంత మేర కత్తిరించి తోట బయటికి తీసుకెళ్ళండి, మిగతా సగం ఆకు ఉండనివ్వండి, అది ఇంకా అన్నం వండుతుంది. మచ్చలు మొదలైతే ప్రొపికొనజోల్ లీటరుకి 1 మిల్లీలీటరు, మినరల్ ఆయిల్ కలిపి ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టాలి. అరటి ఆకు నూనె రాసినట్టుంటుంది, ఏ మందైనా జారిపోతుంది. నూనో, జిగురుమందో లేకపోతే మీ డబ్బు నేలపాలు. కొట్టేది మంచు ఆరాక, ఎండెక్కాక.

రెండో ఇబ్బంది, గెల గొంతులో ఇరుక్కోవడం. చలికి దూట సాగదు. పైన ఆకుల గొంతు బిగుసుకుపోతుంది, లోపల గెల తయారై ఉంటుంది. బయటికి దారి లేక సగం వచ్చి ఆగిపోతుంది, ఒక్కోసారి బోదెని పక్కకి చీల్చుకుని వస్తుంది. పొట్టి రకాల్లో ఎక్కువ చూస్తాం. మా తోటలో ఒక చెట్టుకి అలా అయితే, పై పట్టని చిన్న కత్తితో జానెడు పొడవున నిలువుగా చీరాను, చెయ్యి వణుకుతూనే. గెల నాలుగు రోజుల్లో బయటపడింది. మొదటి అత్తం కాయలు వంకరపోయాయి, మిగతావి దక్కాయి. లోపల పువ్వుకి కత్తి తగిలితే మాత్రం అంతా పోతుంది. అలవాటు లేనివాళ్ళు దగ్గర ఎవరైనా పాతకాపు రైతుని పెట్టుకుని చేయండి.

మూడోది కాలం. ఎండ బాగా ఉన్న నెలల్లో గెల వేసిన దగ్గర్నుంచి కోతకి సుమారు 90 నుంచి 100 రోజులు. చలిలో వేసిన గెలకి 120, 130, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. ఇది తెలియక జనవరి నెలాఖరులో కాయ పలకలు తేలి ఉండటం చూసి, ఇది ఇక నిండదని కొట్టేస్తారు. నిండదని కాదండీ, ఇంకా నిండలేదు, అంతే.

ఇది నేను 2024 లో నేర్చుకున్నాను. ఆ సెప్టెంబరు మీకెవరికీ చెప్పక్కర్లేదు. 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు కిందికొచ్చాయి, అంతకు ముందెన్నడూ రానంత. మా లంక తోటలో నాలుగు రోజులు నీళ్ళు నిలబడ్డాయి. వేర్లు ఊపిరాడక కుళ్ళాయి. సగం చెట్లు పడిపోయాయి. మిగిలినవి అక్టోబరు, నవంబరుల్లో గెల వేయాల్సినవి, మళ్ళీ వేళ్ళు పట్టుకుని, ఆకు వేసి, డిసెంబరు నడిమికి వేశాయి. ఒక వ్యాపారి వచ్చి చూసి, “అమ్మా, ఈ గెలలు పనికిరావు, కొట్టేసి పిలకలు పెంచుకోండి” అన్నాడు. మా ఆయన కూడా అదే అన్నారు. వరదకి పోగా మిగిలినవి, వాటిని నా చేత్తో నేనే కొట్టలేకపోయాను. నాలుగు వరసల్లో రెండు వరసలు ఉంచమని అడిగాను.

ఆ రెండు వరసలకి ఏం చేశాను? అత్తాలు తగ్గించాను, గెలకి ఐదారు ఉంచి. పువ్వు తుంచాను. అరటిపువ్వు ఎవరూ పారేయకండి, ఆవపెట్టి వండుకోండి. యూరియా వేయలేదు. చలిలో లేతదనం పెంచితే తెగులుకి పిలిచి పీట వేసినట్టే. 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్ ఎరువు, లీటరుకి 5 గ్రాములు కలిపి ఆకులకీ గెలకీ కొట్టాను, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు. నీళ్ళు మధ్యాహ్నం లోపే కట్టేదాన్ని. తడి నేల పగటి వేడిని పట్టి ఉంచుతుంది, పొడి నేల పట్టి ఉంచదు. మాది ఒండ్రు ఇసక, నీళ్ళు నిలవవు. దుగ్గిరాల వైపు నల్లరేగడి వాళ్ళు ఇలా చేయొద్దు. మీకు చలికాలంలో నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. మీరు నేలని పిడికిట్లో పట్టి చూసి, ఉండ కట్టకపోతేనే నీళ్ళు కట్టండి.

గెలకి సంచులు తొడిగాను. చివరి అత్తం విచ్చుకుని, పూరెక్కలు రాలాక తొడగాలి, ముందు తొడిగితే లోపల కుళ్ళుతుంది. పాలిథీన్ సంచి అయితే గాలి ఆడటానికి కన్నాలుండాలి, కింద మూతి తెరిచి ఉంచాలి. లోపల కాస్త వెచ్చగా ఉంటుంది, కాయ మీద గీతలు పడవు, తామరపురుగు తగ్గుతుంది. రథసప్తమి దాటి ఎండ ముదిరితే ఆ ప్లాస్టిక్ సంచే కాయని ఉడకపెడుతుంది, అప్పుడు తీసేయాలి. గుడ్డలాంటి తెల్ల సంచులు దొరుకుతున్నాయి, వాటికి ఆ భయం తక్కువ. ఇక ఉత్తరం గట్టు మీద అవిశె చెట్లు ఉన్న వరసలో ఆకులు తక్కువ చిరిగాయి. తమలపాకు తోటల్లో పెద్దవాళ్ళు తీగకి ఊతంగా వేసే అవిశె, గాలినీ ఆపుతుందని నాకు ఆ ఏడు తెలిసొచ్చింది.

ఏప్రిల్ చివర కోశాం. గెలలు చిన్నవే. కానీ కాయ గుండ్రంగా తిరిగింది, రంగు వచ్చింది. వేసవి పెళ్ళిళ్ళ రోజులు, ధర కూడా దక్కింది. కొట్టేసిన రెండు వరసల వైపు చూసి మా ఆయన ఏమీ మాట్లాడలేదు. మరుసటేడు ఆకులు లెక్కపెట్టడానికి ఆయనే ముందు బయల్దేరారు.

ఏమిటి బాబాయ్ గారూ? వెనక వాళ్ళకి వినపడలేదు, నేను చెబుతాను. అసలు గెల చలికి చిక్కకుండా ముందే చూసుకోలేమా అని అడుగుతున్నారు. చూసుకోవచ్చు, అన్నిటికంటే మంచి పని అదే. ల్యాబులో పెంచిన టిష్యూకల్చర్ మొక్క, గ్రాండ్ నైన్ రకం, నాటిన ఏడెనిమిది నెలలకి గెల వేస్తుంది. మీరు నాటే నెల నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టండి, గెల డిసెంబరు, జనవరిలో పడుతుందంటే నాటడం ముందుకో వెనక్కో జరపండి. రెండో పంటకి పిలక ఉంచేటప్పుడూ అంతే, దొరికిన పిలకల్లా ఉంచకుండా, కత్తిలాంటి సన్నాకుల సూదిపిలకని, లెక్క చూసుకుని ఉంచండి. కానీ వరద మన లెక్క వినదు కదండీ. గాలివాన వినదు. ఎంత లెక్క వేసినా ఏటా కొన్ని చెట్లు ఆలస్యమవుతాయి, నేను మాట్లాడుతున్నది వాటి గురించి.

మిద్దెతోట అమ్మాయి ఎవరో చెయ్యెత్తారు. కుండీలో అరటి, గెల వేసింది, ఏం చేయాలి? తల్లీ, కుండీలో వేరు నేలలో కంటే త్వరగా చల్లబడుతుంది, చుట్టూ గాలే కదా. పడమటెండ తగిలే గోడ పక్కకి జరుపు. సిమెంటు మీద నేరుగా పెట్టకుండా కింద రెండు చెక్కలు పెట్టి, కుండీ చుట్టూ గోనెసంచి చుట్టు. మిద్దె మీద గాలి ఎక్కువ, గెలకి ఊతం తప్పకుండా కట్టు. సాయంత్రం పూట చన్నీళ్ళు పోయకు, పోసేది పొద్దున పదింటికి పొయ్యి.

ఇంకొక్క మాట, థర్మామీటరు. మందుల షాపులో జ్వరం చూసేది కాదు, రాత్రి ఎంత తక్కువకి దిగిందో గుర్తుపెట్టుకునే రకం ఉంటుంది. తోటలో గెల ఎత్తున నీడలో వేలాడదీయండి. ఊళ్ళో ఎంత ఉందో వార్తల్లో చెబుతారు, మీ పల్లంలో ఎంత ఉందో ఎవరూ చెప్పరు. నేను చూసింది, మా తోటలోనే ఏటి పక్క పల్లానికీ గట్టు మీదికీ రెండు డిగ్రీల తేడా ఉంది. పల్లంలో ఆలస్యమైన చెట్లుంటే సంచులు ముందు వాటికి తొడుగుతాను.

నాకిచ్చిన టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఈ రెండు బోదెలూ ఇక్కడే ఉంటాయి, దగ్గరికొచ్చి చూడండి, చేత్తో పట్టుకుని చూడండి. సంచులు కూడా రెండు రకాలు తెచ్చాను, తొడిగే పద్ధతి కావాలంటే బయట మెట్ల దగ్గర చూపిస్తాను. దూట ఉన్న బోదెని పట్టలు ఒలిచి ముక్కలు చేసి ఇస్తాను, వండుకునే వాళ్ళు తీసుకెళ్ళండి. కోసిన వెంటనే మజ్జిగలో వేయాలి, లేకపోతే నల్లబడుతుంది.